జానెడు వైరు

మొదట ఎర్త్ వైరు. ఏ బండి పనైనా ఎర్త్‌తో మొదలుపెట్టమనేవారు నాకు వైరింగ్ నేర్పిన మేస్త్రిగారు, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు అనేవారు. నల్ల వైరు కొసన తొడుగు ఒలిచి రాగి పోగుల్ని మెలిపెడుతున్నాను, వేళ్ళు తమ పని తాము చేసుకుపోతున్నాయి, వాటికి నాతో అవసరం లేదు, అందుకే మనసు ఎటు పడితే అటు పోతోంది. వెనకాల గ్యారేజీ గుమ్మంలో ఇనప స్టూలు మీద అన్న కూర్చున్నాడు. రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు, నాకు కనిపించేది వీపూ, మెడ మీద ముడతలు పడి బిగుసుకుపోయిన చర్మమూ. చొక్కా కాలరు ఎంత పైకి లాక్కున్నా అది దాగదు. ఏడాదయింది నాతో మాట్లాడి. అక్కా బావా మేమిద్దరమూ ఒకే ఇంట్లో తింటాం, ఒకే గుమ్మంలోంచి వస్తాం పోతాం, నేను కూర గిన్నె జరిపితే అన్న దాన్ని అక్క చేతిలోంచి తీసుకుంటాడు. అలాంటిది ఈ పొద్దున బావ గ్యారేజీ తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ వచ్చి, "మరదలా, నీకో కబురు. సాయంత్రం పందేనికి మీ వాడు దిగుతున్నాడు. వైరింగ్ నువ్వే చెయ్యాలట. ఇంకెవరు చేసినా బండెక్కనన్నాడు" అన్నాడు. నువ్వే చెయ్యాలట. ఆ మాటని పొద్దుట్నించీ పంచదార పలుకులా నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నాను, కరిగిపోతుందేమోనని కొరకడం లేదు.

ఇంత చిన్న వస్తువు ఇది. ఇత్తడి స్విచ్, నా బొటనవేలంత ఉంటుంది, అరచేతిలో పెట్టుకుంటే చల్లగా ఉంటుంది. డిక్కీలో సిలిండరు ఉంది, అందులో నైట్రస్, ఆస్పత్రిలో నొప్పి తెలియకుండా ముక్కుకి పెట్టే వాయువే, ఇంజన్‌కి పెడితే అది ఒళ్ళు తెలియకుండా పరిగెడుతుంది. ఆ వాయువు ఎంత లోపలికి పోతే అంతకు తగ్గ పెట్రోలు కూడా దాని వెంట పోవాలి. పెట్రోలు తగ్గి వాయువు తగ్గకపోతే లోపలి మంట తెల్లబడిపోతుంది, పిస్టన్ కొవ్వొత్తిలా కారుతుంది, మంట వెనక్కి తిరిగి గాలి గొట్టాల్లోకి తంతుంది. ఈ స్విచ్‌కి ఉన్న పని ఒక్కటే, పెట్రోలు గొట్టం మీద కూర్చుని ఒత్తిడి కనిపెట్టడం. ఒత్తిడి ఉన్నంతసేపూ తన లోపలి రెండు రేకుల్నీ కలిపి పట్టుకుంటుంది, తగ్గిందంటే వదిలేస్తుంది, అది వదిలేస్తే వాయువుకి దారి తెరిచి ఉంచే రిలే పడిపోతుంది, రిలే పడితే వాయువు ఆగిపోతుంది. బండి ఓడిపోతుంది, మనిషి ఇంటికొస్తాడు. దానికి ఎవరి మీదా ప్రేమ లేదు, ఎవరి మీదా పంతం లేదు, ఉన్నది ఉంది అంటుంది, లేనిది లేదంటుంది. మా ఇంట్లో ఒక్కరైనా ఇలా ఉండి ఉంటే నేను ఇవాళ ఇలా వీపు చూసి మనిషి మనసు కనుక్కోవాల్సిన ఖర్మ పట్టేది కాదు.

స్విచ్ నించి రెండు వైర్లు, ఒకటి ఎర్త్‌కి, ఒకటి రిలేకి. ఇక్కడ నా చెయ్యి ఆగింది. మేస్త్రిగారి పద్ధతి ప్రకారమైతే ఇక్కడ జానెడు వైరు మిగల్చాలి. ప్రతి స్విచ్ దగ్గరా, ప్రతి అతుకు దగ్గరా జానెడు ఎక్కువ వదిలి, ఉంగరంలా చుట్టి, కంటికి కనపడని చోట దాచాలి. "రేపు ఎవడో విప్పుతాడమ్మా దీన్ని. మనం బిగదీసి కట్టామనుకో, వాడు అతుకు మీద అతుకు వేసుకుంటూ చావాలి. జానెడు ఉంటే వాడి ప్రాణానికి హాయి. మనల్ని తలుచుకోనక్కర్లేదు, తిట్టకపోతే అదే పదివేలు." ఎవరి బండి బానెట్ ఎత్తినా ఆయన ముందు వేళ్ళతో మిగులు కోసం తడిమేవారు. దొరికితే "మనిషే" అనేవారు. దొరక్కపోతే ముక్కుతో ఒక శబ్దం చేసేవారు, అంతే, ఆ పనివాడి సంగతి ఇంక ఎత్తేవారు కాదు. చూపు మందగించి పని మానేసిన రోజున కూడా నేను చేసిన బండి ఒకటి తడిమి చూసి, కళ్ళు మూసుకునే, "మనిషే" అన్నారు. నాకు జీతం కంటే ఆ మాట ఎక్కువ. గ్యారేజీలో నవ్వేవాళ్ళు. అన్న నాకు పేరు కూడా పెట్టాడు, జానెడమ్మ అని. "జానెడమ్మా, నీ ఇంటికొచ్చినవాడు అన్నం తిన్నా తినకపోయినా వైరు మాత్రం మూట కట్టుకుపోతాడే" అనేవాడు. ఆ రోజుల్లో అన్న మాట్లాడేవాడు. మరీ ఎక్కువ మాట్లాడేవాడు.

కిందటేడు పందెంలో అన్న తోలుతుండగా కాలిపోయిన బండిలో కూడా వదిలాను. గాలి గొట్టాల గుత్తి ఉంటుంది, మానిఫోల్డ్, దాని కింద ఒక ఇనప పట్టీ, ఆ పట్టీ వెనకాల, మోచేతి దాకా చెయ్యి దూరిస్తే గాని అందని చోట రెండు వైర్ల మిగులూ కలిపి చుట్టి పెట్టాను. అంత బాగా దాచానని ఆ రోజు నాలో నేనే మురిసిపోయాను. ఆ మిగుల్నే ఎవరో లాగి, తొడుగు కోసి, రెండు వైర్లనీ కలిపి మెలిపెట్టారు. అలా మెలిపెడితే స్విచ్ ఇంక ఎంత అరిచినా రిలేకి వినపడదు, ఒత్తిడి పడిపోయినా వాయువు పోతూనే ఉంటుంది. కళ్ళారా చూడలేదు, కాని ఇంకెలా జరుగుతుంది. జానెడు వైరు లేకపోతే ఆ రెండు కొసలూ ఒకదానికొకటి అందేవే కావు. నేను ముందు ముందు వచ్చే ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి కోసం వదిలింది, మా ఇంట్లోవాడికే అక్కరకొచ్చింది.

"స్విచ్‌కి జడ వేస్తున్నావా ఏంటి మరదలా? పువ్వులు కూడా పెడతావా?" బావ వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద నవ్వు, నవ్వితే రేకు పైకప్పు కూడా ఒకసారి మోగుతుంది.

"పంపు మార్చారా బావా?"

"మార్చినట్టే. పాతదే, విప్పి కడిగాను. బుర్రున తిరుగుతోంది."

"తిరిగితే సరిపోదు. గేరు మారేటప్పుడు ఒత్తిడి నిలబడాలి."

"నిలబడుతుంది, కూర్చుంటుంది, కావాలంటే పాట కూడా పాడుతుంది. దాని గొడవ నాకొదిలెయ్. ఇంతకీ ఈ దిక్కుమాలిన స్విచ్ ఎక్కడ పెట్టావు?" అంటూ టార్చి వేసి ఇంజన్ వెనక రేకు గోడ మీద వెతికాడు, బ్యాటరీ పక్కన వెతికాడు, వేలు పెట్టబోయి వేడి తగిలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కిందటిసారి కూడా ఇక్కడే కదూ?"

కిందటిసారి. ఎంత నటన. ఆ వెతకడం, ఆ తడబాటు, తెలియనట్టు ఆ మొహం. నాకు తల తిప్పి అన్నకి చూపించాలనిపించింది, చూడు, చూడు ఈయన ఎంత బాగా మర్చిపోయాడో. అన్న ఊపుతున్న కాలు ఆగింది. విన్నాడన్న మాట. "ఎక్కడో అక్కడ పెట్టానులే బావా, పని చేస్తుంది" అన్నాను. "పనిచేస్తే మంచిదే తల్లీ, మరీ ఎక్కువ పనిచేస్తేనే నాకు భయం" అని, తన జోకుకి తనే నవ్వి, "ఏరా చిచ్చుబుడ్డీ, రెడీయేనా?" అని కేకేసి, కేకేశాక నాలుక కరుచుకుని వెళ్ళిపోయాడు. స్టార్టింగ్‌లోనే రవ్వలు చిమ్ముకుంటూ లేచేవాడని పందెం వాళ్ళు అన్నకి ఆ పేరు పెట్టారు. మంట తర్వాత ఎవరూ అలా పిలవరు. పిలిస్తే అన్న చేతులు జేబులో పెట్టుకుంటాడు. ఇప్పుడూ పెట్టుకున్నాడు.

బండి కాలిన ఆ రోజు ఎండ. మొదటి పరుగులో బండి సగం దాకా బాణంలా వెళ్ళి ఒక్కసారి నీరసపడింది, స్విచ్ వాయువు ఆపేసింది. అన్న తిరిగొచ్చి స్టీరింగ్ మీద గుద్దాడు, "ఎవరో నా పీక పట్టుకున్నట్టు ఉందే" అన్నాడు, నాతోనే అన్నాడు. పంపు బలహీనంగా ఉంది, ఈ పూట వాయువు లేకుండా తోలు అన్నాను. బావ, "పంపుకేం కాలేదు, నీ వైరింగ్‌కే పిరికితనం" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, అన్న కూడా నవ్వాడు. నవ్వుల మధ్య ఉండలేక నేను అక్కతో టీ కొట్టు దాకా వెళ్ళాను, అక్క చెప్పుల గురించి ఏదో చెప్పింది, కొత్త చెప్పులు కరుస్తున్నాయని, నేను ఊఁ కొట్టాను. తిరిగొచ్చేసరికి బానెట్ మూసి ఉంది. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. అన్న గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. ఆ గుడ్డ నాకు కలలోకి కూడా వస్తుంది, నీలం గళ్ళ గుడ్డ, బావ వేళ్ళ సందుల్లో ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు, తీరిగ్గా, ఏదో మంచి పని చేసినవాడిలా. రెండో పరుగులో బండి నీరసపడలేదు. అందరూ ఈలలు వేశారు. చివరి గుర్తు ఇంకా దాటలేదు, ఒక చప్పుడు, పెద్ద చప్పుడు కాదు, మందమైన తలుపు ఎవరో ధన్‌మని వేసినట్టు, బానెట్ సందుల్లోంచి ముందు పొగ కూడా రాలేదు, నేరుగా మంటే వచ్చింది.

మైదానం వాళ్ళ మనిషి వచ్చి అడిగితే బావ ఒక్క మాటన్నాడు, "వైరింగ్ మా మరదలిది." అబద్ధం కాదు కదా. షార్ట్ అయిందేమో అని కూడా అనలేదు, అది విన్నవాళ్ళే అనుకున్నారు, అనుకున్నది పక్కవాళ్ళకి చెప్పారు, సాయంత్రానికి అదే నిజమై కూర్చుంది. నేను ఆస్పత్రి నించి వచ్చేలోగా బండిని తుక్కు కింద తీసుకుపోయారు, వైర్లన్నీ కరిగి ముద్దయిపోయాయి, చూసేదేముంది అన్నారు. ఆస్పత్రిలో అన్న మంచం పక్కన అదే మనిషి మళ్ళీ అడిగాడు, నేను గుమ్మంలో ఉన్నాను, "స్విచ్ సంగతేమైనా తెలుసా బాబూ?" అని. అన్న గోడ వైపు తిరిగాడు. "వైర్ల సంగతి నాకేం తెలుసు" అన్నాడు. ఆ తిరిగిన మొహం మళ్ళీ నా వైపు తిరగలేదు. కోపం తగ్గుతుందిలే అంటుంది అక్క, ఒంటి మీద పుళ్ళు మానాక అదే తగ్గుతుందిలే అంటుంది, పుళ్ళు మానాయి. ఆ తర్వాత నా చేతికి హారన్లూ హెడ్‌లైట్లూ తప్ప ఇంకేం రాలేదు. పెట్రోలు వైపు పనైతే, "ఆ అమ్మాయి చేత చేయించకండి, ఏమనుకోకండి" అని నా ముందే చెప్పి పోయేవాళ్ళు, ఏమనుకోకండి అన్నాక ఏమనుకుంటాం. అన్న చేతులు కాలాయి. నా చేతులు బాగానే ఉన్నాయి. అదే నా తప్పయింది.

నోరు విప్పి ఉండొచ్చు. బావే చేశాడు అని అక్క ముందు అనొచ్చు. అన్నాననుకో, అక్క ఎవరి వైపు నిలబడాలి, అన్నం ఎక్కడ తినాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి. అందుకే మింగాను. మింగి మింగి గొంతు అలవాటు పడింది, ఇప్పుడు మంచినీళ్ళు తాగినా అదే రుచి తగులుతుంది. ఒక్కటే ఆశ పెట్టుకున్నాను, అన్నకి ఏదో ఒక రోజు తనంతట తనకే తెలుస్తుందని. ఎందుకు తెలియదు, ఇద్దరం కలిసి నేర్చుకున్నవాళ్ళమే కదా. ఊళ్ళో స్కూలు నించి వచ్చాక పెరట్లో సైకిల్ బోర్లా వేసి అన్న పెడల్ చేత్తో తిప్పేవాడు, డైనమో వైర్లు నేను పట్టుకునేదాన్ని, వాటి కొసలు బల్బుకి ఆనించి. "తగలనివ్వకే, రెండూ ఒకదానికొకటి తగిలితే దీపం చచ్చిపోతుంది" అనేవాడు. నేను ఊపిరి బిగబట్టి రెండు కొసల్నీ దూరంగా పట్టుకునేదాన్ని. అన్న తిప్పేకొద్దీ దీపం పసుపుపచ్చగా లేచి తెల్లగా అయ్యేది, ఆ వెలుగు అన్న మొహం మీద పడేది, చెమటలు కక్కుతూ నవ్వేవాడు. నాకు మొదట వైరు పట్టుకోవడం నేర్పింది మేస్త్రిగారు కాదు, అన్న. ఆ అన్నే ఇవాళ నువ్వే చెయ్యాలన్నాడు. తెలిసే అన్నాడేమో. బావ సంగతి ఎలాగో కనిపెట్టాడేమో, అందరిముందూ చెప్పలేక ఇలా చెబుతున్నాడేమో.

అందుకే ఈసారి మిగల్చడం లేదు. రిలే వైరుని గొట్టం వెంబడి నడిపించి, కొలిచి, సరిగ్గా పిన్ను దగ్గరికి కోశాను. కటింగ్ ప్లేయర్ పళ్ళ మధ్య ఆ వైరు టక్‌మన్నప్పుడు మేస్త్రిగారు ముక్కుతో శబ్దం చేసినట్టు వినపడింది. చెయ్యనివ్వు. నల్ల వైరుని రిలే వైరు పోయిన పక్కకి కాకుండా అవతలి పక్క బోల్టు కిందికి బిగించాను, రెండూ రెండు దిక్కులకి పోయాయి, వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి, వేలితో మీటితే పలుకుతాయి. ఎవడైనా కోశాడంటే కొసలు కలవవు, కలపాలంటే కొత్త వైరు వెయ్యాలి, కొత్త వైరు వేస్తే నా కంట పడుతుంది. రేపు ఎవడో దీన్ని విప్పి నన్ను బూతులు తిడతాడు. తిట్టనీ. ఇవాళ మా అన్న కూర్చుంటాడు ఇందులో. బావ ఎంత నవ్వుతూ వచ్చినా ఇక్కడ ఆయన వేళ్ళకి పట్టు దొరకదు. స్విచ్‌ని మాత్రం మార్చలేదు, అదే పాత చోటు, మానిఫోల్డ్ కింద పట్టీ దగ్గర, పెట్రోలు గొట్టం అక్కడే పోతుంది, ఇంకెక్కడ పెడతాను.

తాళం తిప్పాను. పంపు గురక పెట్టింది, ఒక క్షణం తటపటాయించి టెస్ట్ ల్యాంపు వెలిగింది. పెట్రోలు కొంచెం వెనక్కి వదిలాను, ఒత్తిడి జారింది, ల్యాంపు ఆరింది. మళ్ళీ ఇచ్చాను, వెలిగింది. ఏడాదిగా నా వైరింగ్‌లో ఏదో ఉందేమోనని నాకే అనుమానం వచ్చిన రోజులున్నాయి, ఈ చిన్న బల్బు ఆరినప్పుడల్లా ఆ అనుమానం కూడా ఆరుతోంది, చూడన్నా, ఇదీ నేను చేసే పని, ఇలా ఆరాలి, ఆ రోజు కూడా ఇలాగే ఆరి ఉండేది, ఎవరూ ముట్టుకోకపోతే.

స్టూలు కిర్రుమంది. అన్న లేచాడు, నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఇంత దగ్గరగా వచ్చి ఏడాదయింది, మెడకి రాసుకునే మందు వాసన వస్తోంది. ల్యాంపు ఎత్తి చూపించబోయాను. అన్న ల్యాంపు వైపు చూడలేదు. బండి మీదికి వంగి కుడి చెయ్యి, వేళ్ళు పూర్తిగా ముడుచుకోని ఆ చెయ్యి, మానిఫోల్డ్ కిందికి పోనిచ్చాడు. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. వెతకలేదు. వెతికే చెయ్యి తడబడుతుంది, ఇందాక బావ చెయ్యి తడబడినట్టు. ఈ చెయ్యి వేడి గొట్టాన్ని తప్పించుకుని, ఇనప పట్టీ పక్కనించి మలుపు తిరిగి, మోచేతి దాకా దూరి, కరెంటు పోయిన ఇంట్లో ఇంటివాళ్ళు అగ్గిపెట్టె దగ్గరికి పోయినట్టు పోయి, ఆగింది. సరిగ్గా అక్కడ. పట్టీ వెనకాల. వేళ్ళు నాకు కనపడలేదు, అవి ఒకసారి తెరుచుకుని మూసుకోవడం ముంజేతి నరాల్లో తెలిసింది. అక్కడ ఏమీ లేదు.

"ఈసారి వైరు మిగల్చలేదేం?" అన్నాడు.

ఏడాది తర్వాత నాతో మాట్లాడాడు. నీలం గళ్ళ గుడ్డ కళ్ళ ముందు కదిలింది, దాని పక్కన గ్లౌజులు, గుడ్డని మాత్రమే చూశాను ఇన్నాళ్ళూ, గ్లౌజుల్ని చూడలేదు, అప్పుడే తొడుక్కుంటున్నాడంటే అంతకు ముందు తీశాడనే కదా. గోడ వైపు తిరిగిన మొహం. నేను కోపమనుకున్నది. నువ్వే చెయ్యాలట, ఇంకెవరు చేసినా బండి ఎక్కనన్నాడట. ఎందుకెక్కుతాడు మరి. ఇంకెవరు చేసినా జానెడు మిగల్చరు కదా.

అన్న చెయ్యి ఇంకా లోపలే ఉంది. కళ్ళు మాత్రం రోడ్డు మీంచి దిగి, నా పనిముట్ల పళ్ళెం మీద, కటింగ్ ప్లేయర్ మీద ఆగాయి.

"అయిందా మరదలా?" ఆఫీసు గదిలోంచి బావ కేక.

"అయింది బావా" అన్నాను. కటింగ్ ప్లేయర్ తీసి జేబులో వేసుకున్నాను. బానెట్ రేకు మీద చెయ్యి వేసి, "తియ్యి" అన్నాను, అన్నా అనలేదు. "తియ్యి చెయ్యి. మూసెయ్యాలి."